మూడో వాటా

“నీ విండోస్ తీసెయ్యమ్మాయ్. నా పుస్తకానికి చోటొస్తుంది” అంది అత్తగారు.

“మీ లైనక్సే తీసెయ్యొచ్చుగా అత్తయ్యా. నా ప్లాన్లకు మాత్రం చోటక్కర్లేదా?” అంది కోడలు.

ఇద్దరూ ఒకే కుర్చీని చెరోవైపు పట్టుకుని నిలబడ్డారు. ఎదురుగా కంప్యూటర్ తెర మీద ‘ఇక చోటు లేదు’ అని మూడోసారి వచ్చింది. ఇంటికి అదొక్కటే కంప్యూటర్. మీట నొక్కగానే ఏ సిస్టమ్ కావాలని అడుగుతుంది. లైనక్స్ అయితే అత్తగారు కూర్చుంటుంది, విండోస్ అయితే కోడలు.

అప్పటికే మూడు దాటింది. అత్తగారు రాసిన పిల్లల లెక్కల పుస్తకం నాలుగులోగా అచ్చువాళ్లకు చేరకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇటు కోడలు ఇళ్లకు ప్లాన్లు గీస్తుంది. ఆ గీతలు విండోస్‌లో తప్ప పడవు. అది తీసేస్తే ఆమె ఉద్యోగం తీసేసినట్టే.

“నీ సిస్టమ్ అప్‌డేట్ అని లోపలికెళ్లిందంటే పెళ్లికూతురి ముస్తాబే. ఎప్పుడు బయటికొస్తుందో దానికే తెలియదు” అంది అత్తగారు.

“మీదాంట్లో ఫొటో తెరవాలన్నా నల్ల తెర మీద మంత్రాలు కొట్టాలి. పని చేస్తున్నారో, దయ్యాన్ని వదిలిస్తున్నారో తెలియక హడలి చస్తున్నాను.”

“మంత్రాలు రానివాళ్లకు తెర నల్లగానే కనిపిస్తుందిలే.”

గుమ్మంలో టీ కప్పుతో నిలబడ్డ కొడుకు చప్పుడు చేయకుండా వెనక్కి ఒక అడుగు వేశాడు.

“ఒరేయ్, ఎక్కడికి? ఇలా రా” అంది తల్లి. “నువ్వే చెప్పు. ఎవరిది తీసెయ్యాలి?”

“ఆలోచించి చెప్పండి” అంది భార్య. ఆ ‘ఆలోచించి’ అనే మాటను కాస్త నొక్కింది.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అతను టీని ఊదుకుంటూ, “రెండూ మంచివే” అన్నాడు.

“అది తీర్పు కాదు” అన్నారు ఇద్దరూ.

“పోనీ, చీటీలు వేద్దాం.”

“చీటీలెందుకండీ? ఎవరిది ఎక్కువ చోటు తింటోందో చూద్దాం. ఎక్కువ తినేది పోవాలి” అంది కోడలు.

“అదీ న్యాయం” అంది అత్తగారు.

“వద్దు!” అన్నాడు కొడుకు. టీ చొక్కా మీద ఒలికింది. “ఇంట్లో ఈ కొలతలేమిటి? నీదెంత, నాదెంత అనుకోవడం బాగుంటుందా?”

వినేవాళ్లెవరు? అత్తగారు కళ్లజోడు సర్దుకుని కుర్చీలో కూర్చుంది. టకటకా ఒక మంత్రం కొట్టింది. తెర మీద నాలుగు వరుసలు వచ్చాయి.

“చూడు. మొత్తం పది వంతులనుకుంటే నాది ఒకటి. నీది రెండు. నువ్వన్న మాటే మరి, తీసెయ్.”

కోడలి ముఖం చిన్నబోయింది. అన్నది తనే. మాట తప్పితే రేపటి నుంచి ఈ గదిలో తలెత్తుకోలేదు. తప్పకపోతే రేపటి నుంచి పనే ఉండదు. మౌస్ మీద చెయ్యి వేసింది. వేసి, ఆగింది.

“అత్తయ్యా, మీదొకటి, నాది రెండు. మూడే కదా అయ్యాయి? తక్కిన ఏడు వంతులూ ఎవరివి?”

లెక్కల పుస్తకం రాసినావిడ వేళ్ల మీద ఇంకోసారి లెక్కపెట్టింది. తర్వాత ఇద్దరూ గుమ్మంవైపు తిరిగారు. అక్కడ మనిషి లేడు. గుమ్మం పక్క కిటికీ అంచు మీద టీ కప్పొక్కటే ఉంది.

‘ఆఫీసు పని, తాకవద్దు’ అని పేరున్న ఫోల్డర్‌ను కోడలు తాకింది.

‘ముప్ఫై రోజుల్లో పొట్ట మాయం, ఒకటో రోజు’. దాని కింద రెండో రోజు. మూడో రోజు. అలా ముప్ఫై రోజులూ అయ్యాక మళ్లీ ఒకటో రోజు, ఇంకో గురువుగారితో. మొత్తం పదకొండుమంది గురువులు, మూడు వందల ముప్ఫై వీడియోలు.

“ఒక్కటైనా తెరవలేదత్తయ్యా” అంది కోడలు.

“తెరిచుంటే వాడి పొట్టే చెప్పేది కదే.”

“ఒరేయ్!” “ఏమండీ!” అని రెండు కేకలూ ఒకేసారి వెళ్లాయి.

అతను పొట్ట లోపలికి లాక్కుని వచ్చాడు. “నెట్ లేనప్పుడు చూద్దామని దింపి పెట్టుకున్నా” అన్నాడు. అంత మాటా ఊపిరి వదలకుండా చెప్పలేక, చివర్లో పొట్ట మళ్లీ ముందుకొచ్చింది.

నాలుగింటికి ఇంకా పది నిమిషాలుండగా లెక్కల పుస్తకం అచ్చువాళ్లకు వెళ్లిపోయింది. ప్లాన్లు గీసే విండోస్ ఎక్కడిదక్కడే ఉంది. పదిమంది గురువులు పూర్తిగా పోయారు. పదకొండో ఆయన వీడియోల్లో ఒకటో రోజుది మాత్రం కోడలు ఉంచింది. అత్తగారు చాప తెచ్చి పరిచింది. ఇద్దరి మధ్యా అంత ఒద్దిక ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

అతను వెల్లకిలా పడుకున్నాడు. కోడలు వీడియో పెట్టింది.

“కాళ్లు రెండూ పైకెత్తండి” అన్నాడు తెర మీది గురువు. “నేను చెప్పేదాకా దించకండి.”

అతను ఎత్తాడు.

“బొమ్మ కాస్త మసగ్గా లేదూ అత్తయ్యా? ఇదే విండోస్‌లో అయితేనా, అద్దంలా ఉండేది.”

అత్తగారు టక్కున వీడియో ఆపింది. “మసకా? ముందు నీ కళ్లు తుడుచుకో. నీదాంట్లో బొమ్మ వస్తే మాట రాదు, మాట వస్తే బొమ్మ రాదు.”

“పెట్టి చూపించమంటారా?”

“చూపించు. ఇవాళ తేలిపోవాలి.”

కోడలు కంప్యూటర్ ఆపి మళ్లీ మీట నొక్కింది. ఇద్దరూ తెర ముందుకు వంగారు.

“అమ్మా... ఏమేవ్... కాళ్లు వణుకుతున్నాయి. దించేయనా?” అంది చాప మీది గొంతు.

“అప్పుడే ఏమిటి, ఆయనింకా దించమనలేదుగా!” అన్నారు అత్తాకోడళ్లు, వెనక్కి తిరక్కుండానే.