మళ్ళీ చెప్పండి

"అర్థం కాలేదమ్మా. మళ్ళీ చెప్పండి."

పెద్దాయన ఆ మాట అనగానే బడి కమిటీలోని మిగతా ముగ్గురూ ఒకేసారి నిట్టూర్చారు.

సమావేశం మూడో తరగతి గదిలో జరుగుతోంది. పిల్లల బెంచీల్లో ఇరుక్కుని కూర్చున్న పెద్దవాళ్ళ మోకాళ్ళు గడ్డాలకి తగులుతున్నాయి. ఎంత తొందరగా ముగిస్తే నడుములకి అంత మంచిది.

కమిటీలో ఒక చోటు ఖాళీ అయితే, ఎవరూ ముందుకు రాక, వీధి చివర కూతురింట్లో ఉండే ఈ పెద్దాయన్ని పట్టుకొచ్చి కూర్చోబెట్టారు. ఏం చేసేవారని అడిగితే "ఏదో ఆఫీసులో గుమాస్తాగా చేరానండీ" అన్నారు. అంతకుమించి ఎవరూ అడగనూ లేదు.

ఆయన వచ్చింది మొదలు ప్రతి అంశానికీ అదే మాట. కమిటీలో ఉన్న దర్జీ ఆయనకి 'మళ్ళీచెప్పండి గారు' అని పేరు పెట్టాడు. అది చెవిన పడినా పెద్దాయన నవ్వి ఊరుకున్నారు.

ఆ ఏడు పైనుంచి వచ్చే నిధులు సగానికి సగం పడిపోయాయి. ఏదో ఒకటి కోయక తప్పదు.

మందుల షాపు నడిపే అధ్యక్షురాలు గొంతు సవరించుకుని కాగితం మళ్ళీ చదివింది.

"మూడో అంశం. సాయంత్రపు పఠన తరగతి హేతుబద్ధీకరణ."

"హేతుబద్ధీకరణ అంటే?"

"పైవాళ్ళు పంపిన కాగితంలో అలాగే ఉందండీ. అంటే, సర్దుబాటు."

"ఎవరిని ఎక్కడ సర్దుతామమ్మా?"

"సర్దడమంటే..." ఆవిడ సాయం కోసం కోశాధికారి వైపు చూసింది. ఆయన కిటికీ వైపు చూశాడు.

"తీసేయడమండీ," అన్నాడు దర్జీ. "తిప్పి తిప్పి చెప్పడమెందుకు?"

"ఆ తరగతిలో ఎవరుంటారు బాబూ?"

"చదవడం సరిగ్గా రాని పిల్లలు. బడయ్యాక టీచరమ్మ కూర్చోబెట్టి చదివిస్తుంది."

ఆ టీచరమ్మ గుమ్మం బయటే నిలబడి ఉంది. గదికి తాళం వేయాలన్నది వంక. తన తరగతి ఉంటుందో పోతుందో తెలియక ఆమె ఇంటికి వెళ్ళలేదు.

"తీసేస్తే మిగిలే డబ్బు దేనికి?" అన్నారు పెద్దాయన.

"ప్రహరీ గోడకి రంగు. దాని మీద మంచి మంచి సూక్తులు కూడా రాయిస్తున్నాం," అంది అధ్యక్షురాలు కాస్త గర్వంగా. ఆ ఆలోచన ఆవిడదే.

"నాకు ముక్కలు ముక్కలుగా ఎక్కదమ్మా. మొత్తం కలిపి ఒక్కసారి చెప్పండి."

ఆవిడకి ఒళ్ళు మండింది. పెద్దవాడన్న మర్యాద కొద్దీ ఓపిక తెచ్చుకుని, చిన్నపిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా మొదలుపెట్టింది.

"చదవడం రాని పిల్లల తరగతి తీసేసి, ఆ డబ్బుతో గోడ మీద పిల్లలు చదువుకోవడానికి..."

ఆగిపోయింది. తన మాట తనకే వినపడింది.

దర్జీకి నవ్వాగలేదు. కోశాధికారి పొట్ట పట్టుకున్నాడు. చివరికి అధ్యక్షురాలు కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేసింది.

గోడ మాట మళ్ళీ చూద్దామనుకున్నారు.

"రేపు పిల్లల్ని రమ్మనమంటారా అండీ?" గుమ్మంలోంచి టీచరమ్మ మెల్లగా అడిగింది.

"రమ్మనండి," అంది అధ్యక్షురాలు. "గోడలెక్కడికీ పోవు."

టీచరమ్మ తాళం మరిచిపోయి వెళ్ళిపోయింది.

పెద్దాయన ఉన్నన్నాళ్ళూ ఇదే వరస. తిట్టుకుంటూనే చెప్పేవాళ్ళు. చెప్పేటప్పుడు సగం కోతలు వాళ్ళకే నచ్చేవి కావు.

సెలవుల్లో ఆయన కూతురికి బదిలీ అయింది. ఆమెతోపాటే ఆయనా వెళ్ళిపోయారు. కూర్చోబెట్టి ఒక కప్పు టీ ఇద్దామన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

"హమ్మయ్య, నడుములు బతికాయి," అన్నాడు దర్జీ.

తర్వాతి సమావేశంలో అధ్యక్షురాలు మొదటి అంశం చదివి, అలవాటుగా ఆగింది. అందరూ పెద్దాయన కూర్చునే కిటికీ పక్క బెంచీ వైపు చూశారు.

అక్కడ ఎవరూ లేరు.

చివరికి దర్జీయే చెయ్యెత్తాడు.

"నాకూ అర్థం కాలేదండీ. మళ్ళీ చెప్పండి."

ఎవరూ నిట్టూర్చలేదు. ఆ రోజు మోకాళ్ళు పట్టేసేదాకా కూర్చున్నారు, నీళ్ళ కుళాయిల మరమ్మతు దగ్గర కోసేయబోయిన డబ్బు కోయకుండా ఉంచారు, హాయిగా ఇళ్ళకి వెళ్ళారు.

కొన్నాళ్ళకి పై ఆఫీసు నుంచి ఒక అధికారి తనిఖీకి వచ్చాడు. కోతల్లో కూడా ఏ తరగతీ పోని బడి ఇదొక్కటే ఎలా అయిందో చూసి పోదామని వచ్చానన్నాడు. గది గోడకున్న కమిటీ ఫొటో దగ్గర అతని కాళ్ళు ఆగిపోయాయి.

"ఈయన ఇక్కడున్నారేమిటి?"

"మా మళ్ళీచెప్పండి గారండీ," అన్నాడు దర్జీ ముచ్చటగా. "మొన్నటిదాకా మాతోనే ఉండేవారు. ఎక్కడో గుమాస్తాగా చేసేవారట. పాపం, కాగితాల్లో రాసే భాష బొత్తిగా తెలియదు."

అధికారి నెమ్మదిగా పిల్లల బెంచీ మీద కూర్చున్నాడు.

"మా ఆఫీసులోనే చేశారండీ. గుమాస్తాగా చేరి పెద్ద కుర్చీ దాకా వెళ్ళారు. హేతుబద్ధీకరణ అన్న మాట మా కాగితాల్లో మొదట రాసింది ఆయనే. ఆ ఒక్క మాటతో ఎన్ని బడులు మూతపడ్డాయో."

దర్జీ ఫొటో దగ్గరికెళ్ళి మళ్ళీ చూశాడు.

"పదవీ విరమణ రోజున మైకు ఇస్తే ఒకే మాట చెప్పి దిగిపోయారు," అన్నాడు అధికారి ఫొటో వైపే చూస్తూ. "'ఏదో ఒక బడి కమిటీ అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి అంటుందేమో, అంటే ఆ కోత రద్దు చేద్దామని సర్వీసంతా ఎదురుచూశాను, ఒక్కళ్ళూ అడగలేదు' అన్నారు."