ఎలుకమ్మ అడిగిన ఒక్క ప్రశ్న

ఎలుకమ్మది ఇరుకు కన్నం. అయినా ఏదైనా పెంచుకుందామని ఆరుగురు పిల్లలూ గోల పెట్టారు.

ముందు తాబేలు వచ్చింది. "నీకెంత చోటు కావాలి?" అని ఎలుకమ్మ అడిగింది.

"చిన్న నీళ్ల గుంట చాలు వదినా. ఆకులు తిని పడుంటాను."

"మాకు కాళ్లు చాపుకోవడానికే చోటు లేదు" అని ఎలుకమ్మ దాన్ని పంపేసింది.

తర్వాత జానెడు పాముపిల్ల వచ్చింది. దాన్నీ అదే అడిగింది. అది చుట్ట చుట్టుకుని ఓ మూల ఒదిగి చూపించింది. ఎలుకమ్మ మురిసిపోయింది.

వెళ్తున్న తాబేలు ఆగి, "ఏం తింటుందో కూడా అడుగు వదినా" అంది.

"పిసరంత ప్రాణి, ఏం తింటుందిలే!"

వానాకాలం పోయాక తాబేలు మళ్లీ అటు వచ్చింది. "వదినా, ఇంట్లో చోటు సరిపోతోందా?" అని కేకేసింది.

"బోలెడుంది" అని లోపలి నుంచి పాము బదులిచ్చింది.