ఆయిలు వాసన చూసిన మనిషి

గోవిందరావు క్వార్టరు ముందు ఆపిన అంబాసిడరు పక్కన ఎవరో ముసలాయన వంగి ఉన్నాడు.

నేల మీద పడిన ఆయిలు చుక్కని వేలితో తీశాడు. రెండు వేళ్ల మధ్య రుద్ది, వాసన చూశాడు.

వరండాలో పళ్లు తోముకుంటున్న గోవిందరావుకి నోట్లో నురగ నోట్లోనే ఉండిపోయింది.

"ఎవులు బాబూ?"

ముసలాయన లేచి నవ్వాడు. తెల్ల చొక్కా, జేబులో పెన్ను, చంకలో గొడుగు.

"దీనికి ఏ ఆయిలు పోస్తన్నారు బాబూ?"

గోవిందరావుకి గుండె జారిపోయింది.

జారదా మరి? ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరాయన. రిటైరవడానికి ఇంకా పధ్నాలుగు నెలలుంది. ఆ తర్వాత టాక్సీ తిప్పుకుందామని మేదినీపూర్‌లో డాక్టరు గారింటి కారు పాతది కొన్నాడు. వర్క్‌షాపు స్టోర్సులో ఆయిలు పీపాలకి పీపాలు ఉంటుంది. ఫిట్టరు కారులో ఆయిలు ఎక్కడిదని ఎవరైనా అడిగితే, పెన్షను మాట దేవుడెరుగు.

"బజార్లో కొన్నదే," అని లోపలికెళ్లి తలుపేసుకున్నాడు.

కిటికీలోంచి చూస్తే ముసలాయన కారు అద్దానికి ముక్కు ఆనించి, కిలోమీటర్ల మీటరు చూసి, చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు.

వర్క్‌షాపులో తోటి ఫిట్టరు వెంకటరావు చెవిలో ఈ మాట వేశాడు.

"విజిలెన్సోడే అన్నా," అన్నాడు వెంకటరావు. "పుస్తకం కూడా ఉందంటే ఇంకేటి అనుమానం? ఆడితో మాటాడకు. నువ్వొక మాటంటే ఆళ్లు రెండు లైన్లు రాస్తారు."

మర్నాడు గోవిందరావు బానెట్ తెరవలేక స్క్రూడ్రైవరుతో కుస్తీ పడుతుంటే ముసలాయన మళ్లీ వచ్చాడు. ఎడమ మూల అరచేత్తో రెండు దెబ్బలు వేసి ఎత్తాడు. టక్కున తెరుచుకుంది.

నేను డ్యూటీలో ఉన్నప్పుడు తీసి చూసేసినాడన్నమాట, అనుకున్నాడు గోవిందరావు.

"నేనూ బాబూ, ఈ బండీ..."

"నేనేటీ అడగలేదు మిమ్మల్ని."

ముసలాయన నొచ్చుకోలేదు. "సరే బాబూ. ఆ గట్టి ఆయిలే పొయ్యండి. ఇన్నాళ్లూ పోస్తన్నదే."

ఏది పోస్తున్నానో నా నోటితోనే చెప్పించాలని చూస్తన్నాడు, అనుకున్నాడు గోవిందరావు.

ఆ సాయంత్రమే గోల్‌బజారు వెళ్లి, అప్పుడే కొత్తగా వచ్చిన సింథటిక్ ఆయిలు టిన్ను తెచ్చాడు. సీలు మీదున్నది. రైల్వే స్టోర్సులో అలాంటిది వెతికినా దొరకదు. ఇంక ఏమని పట్టుకుంటారు?

మూడోరోజు ముసలాయన రాగానే టిన్ను ఎత్తి చూపించాడు.

"సీలు తియ్యలేదు, చూసుకోండి. బిల్లు కూడా ఉంది."

"బిల్లు నాకెందుకు బాబూ?" ముసలాయన మొహం వాడిపోయింది. "అది మంచిదే, కొత్త బళ్లకి. ఇది ముసలిది. దీని ఇంజను సీళ్లు అరిగిపోయినాయి. లోపల పేరుకున్న మడ్డే ఇన్నాళ్లూ అడ్డుగా ఉంది. ఆ పల్చటిది మడ్డి కడిగేసి బయటికొచ్చేస్తాది. మాట ఇనండి."

ఏం నటన, అనుకుంటూ గోవిందరావు సైకిలెక్కి డ్యూటీకి వెళ్లిపోయాడు.

తిరిగొచ్చేసరికి గుమ్మం పక్కన ఇంకో టిన్ను. గట్టి ఆయిలుది.

"ఇదేటే?"

"ఆ పెద్దాయన ఇచ్చినాడండీ," అంది భార్య చిలకమ్మ. "తను కొని తెచ్చినాడంట. ఇదే పొయ్యమన్నాడు. మజ్జిగిస్తే తాగి ఎల్లినాడు. కళ్లు సరిగ్గా ఆనటం లేదు పాపం, గ్లాసు కోసం తడుముకున్నాడు."

"తీసుకోమని ఎవులు సెప్పినారే నీకు? ఇంట్లో టిన్ను పెట్టేసి రేపు మనుషుల్ని తెస్తాడు. ఉజ్జోగం పోయాక తాగిద్దువుగాని మజ్జిగ."

టిన్ను మొత్తం పెరటి కాలవలో కుమ్మరించాడు. కాలవ చివరిదాకా జిడ్డుగా సాగింది.

కారులో సింథటిక్ పోశాడు. ముసలాయన మళ్లీ రాలేదు. మనుషులూ రాలేదు.

"చూసినావా, బెదిరిపోయినాడు," అన్నాడు భార్యతో.

పది రోజులు ఇంజను పిల్లిలా నడిచింది. పదకొండోనాడు చిలకమ్మని దీఘా సముద్రానికి తీసుకెళ్తుంటే, బెల్దా దాటాక లోపల టకటకమంది. ఇంజను గట్టిగా ఒకటి అరిచి బిగుసుకుపోయింది. ఆయిలు పుల్ల తీసి చూస్తే పొడిగా ఉంది. వెనక్కి చూస్తే రోడ్డు పొడుగునా చుక్కలు.

ఇంజను ఇంక పనికిరాదన్నారు మెకానిక్కులు.

కోపంగా మేదినీపూర్ వెళ్లాడు. డాక్టరు గారు పోయి ఏడాదైంది. భార్య ఉంది.

"చెడిపోయిన బండి అంటగట్టినారమ్మా," అన్నాడు బెంగాలీలో.

ఆవిడ తెల్లబోయింది. "సత్యవేదం మీ ఇంటికొచ్చి చెప్పలేదా? నువ్వు బండి తీసుకెళ్లిన రోజు కళ్ల ఆసుపత్రిలో ఉన్నాడు. బయటికి రాగానే నీ దగ్గరికే బయల్దేరాడు."

"ఎవరా సత్యవేదం?"

ఆవిడ లోపలికెళ్లి బీరువా తీసింది.

"నువ్వెందుకో భయపడుతున్నావట. ఇది నీకిమ్మని నా దగ్గర పెట్టి, వాళ్ల ఊరు పలాస వెళ్లిపోయాడు. మళ్లీ రానన్నాడు. ఇందులో ఏముందో నాకు తెలీదు, మీ తెలుగే."

ఆ చిన్న పుస్తకం గోవిందరావు గుర్తుపట్టాడు.

తిప్పాడు. ఇరవై రెండేళ్ల తేదీలు. ఒక్కో తేదీ ఎదురుగా మీటరు అంకె, దాని పక్కన ‘గట్టి ఆయిలు పోసినాను’.

ఆఖరి పేజీలో, ఖరగ్‌పూర్ అని రాసి, చూపు ఆనని మనిషి రాసిన వంకర అక్షరాల్లో ఉంది: ‘బండి మంచోళ్ల చేతిలో పడింది, ఇంక నాకు దిగులు లేదు, ఇట్లు దీని డ్రైవరు సత్యవేదం.’