పోలయ్య పిలుపు

స్వరపేటిక తీసేసినవాళ్లందరికీ ఇప్పుడు మెడకు ఒకే రకం యంత్రం పెడుతున్నారు. అందరిదీ ఒకటే తియ్యటి గొంతు. పరీక్షలో మంచి మార్కులొస్తే, మళ్లీ ఊడదీయడానికి వీల్లేకుండా కుట్టేస్తారు. తెర మీద పడ్డ ఆ మార్కులు ఖాయం చెయ్యడం హేమలత ఉద్యోగం. పొద్దుట్నించీ అదే గొంతు విని విని ఆమె ప్రాణం విసిగిపోయింది.

"మీ ఆవిడని పిలవండి," అంది పోలయ్యతో. అతను విశాఖ హార్బరులో చేపల వేలం పాడేవాడు.

"ఓలే, ఇటు రా," అంది యంత్రం శ్రావ్యంగా. తెర మీద నూటికి నూరు పడింది.

బయట బెంచీ మీది రోగుల భార్యలంతా సగం లేచి, ఒకరి మొహం ఒకరు చూసుకుని మళ్లీ కూర్చున్నారు.

"మీ ఆయనేటమ్మా?" అని పోలయ్య భార్య పైడమ్మ పక్కావిడని అడిగింది.

అది విని పోలయ్యకు ఒళ్లు మండింది. యంత్రం ఊడదీసి బల్ల మీద పడేశాడు. మెడ మీది రంధ్రాన్ని బొటనవేలితో మూసి, లోపల డాక్టర్లు పెట్టిన చిన్న కవాటం గుండా గాలి పైకి నెట్టి, "ఓలే!" అన్నాడు. ఇసుకలో పడవని ఈడ్చినట్టుంది ఆ గొంతు. తెర మీద సున్నా పడింది.

"ఒత్తన్నాను, ఎందుకలా అరుత్తావ్?" అంటూ పైడమ్మ ఒక్కతే గుమ్మంలోకి వచ్చేసింది.

హేమలత పోలయ్య పేరు పక్కన నూరు చెరిపేసి, సున్నా ఉంచింది.