ఆరు వారాల మందు

సోమవారం ఉదయం ఏడుంపావు; సన్నటి తుంపర పడుతోంది.

దర్జీ తలుపు తీసేసరికి గొడుగు ముడుస్తూ అదే ఆవిడ. ఇది నాలుగో సోమవారం. ఆసుపత్రి వాళ్లు పంపుతున్నారని దర్జీ అనుకున్నది. తాను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

“పాపకి మాత్ర వేశారా అమ్మా?”

“వేశానండీ.”

అది అబద్ధం. తామర వల్ల కూతురు పిచ్చుక తల మీద జుట్టు రాలిన చోట నూగు మొలిచింది. “ఇంకా మాత్రలెందుకే, లివరు పాడైపోతుంది. పైన పూతమందు రాయి, చాలు,” అన్నది ఎదురింటి వదిన. ఆరు వారాలకు రాసిన మందు అక్కడితో ఆగిపోయింది.

“పూతమందు వెంట్రుక కుదురులోకి దిగదమ్మా. మాత్రల అట్ట ఒకసారి చూపిస్తారా?”

దర్జీకి ఒళ్లు మండింది.

“ఎందుకు, అమ్ముకుంటున్నాననా? జీతం తీసుకుని జనం మీద నిఘా వెయ్యడమేనా మీ పని? రేపే మీ పెద్దవాళ్లకి చెబుతాను.”

ఆవిడ ఏదో చెప్పబోయింది. ఇంతలో తల్లి వెనక నుంచి పిచ్చుక తల వంచి, “అత్తా, నాకు జుట్టొచ్చింది, చూడు,” అన్నది.

“వచ్చింది బంగారం. దాన్ని ఉండనివ్వాలి మరి.”

ఆవిడ గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

నెల తిరిగేసరికి ఆ చోటే వాచి చీము పట్టింది.

“మందు మధ్యలో ఆపేశారా?” అడిగాడు డాక్టరు.

“మీ మనిషి రావడం మానేసింది సార్,” తప్పు తన మీద నుంచి దించుకోబోయింది దర్జీ.

“మేము ఇళ్లకి ఎవరినీ పంపమమ్మా.”

మందులిచ్చే కిటికీ దగ్గర కాంపౌండరు దర్జీ చెప్పిన ఆనవాళ్లు విని తల ఊపాడు.

“ఆవిడా? మొదటిరోజు వరసలో మీ వెనకే నిలబడింది. చీటీ మీద మీ చిరునామా నేను పైకి చదివితే రాసుకుంది. వాళ్ల పాపకీ ఇదే జబ్బు. జుట్టు రాగానే మందు ఆపేసిందట. అరచేతంత మేర ఇక మొలవదని ఆ రోజే చెప్పారు డాక్టరుగారు.”

“ఎక్కడుంటారు?”

“తెలీదమ్మా. ఇక్కడ ఆవిడకి ఇంకేం పని ఉంది?”

ఈసారి పిచ్చుక మాత్రలు చివరిదాకా మింగింది. రోగం పోయింది, మచ్చ మిగిలింది. పన్నెండేళ్ల తరువాత, ఆ మచ్చ కనబడకుండా పాపిట పక్కకు తీసుకుని పిచ్చుక కాలేజీకి వెళుతున్న రోజుల్లోనూ, ఆవిడ పేరేమిటో దర్జీకి తెలియలేదు.