జింక సాసేజీ, పక్కన కత్తి

“మీ అమ్మాయి సంచిలో కత్తి దొరికిందండీ. మీరే వచ్చి తీసుకెళ్లాలి,” అంది ఫోన్‌లో స్కూలు గుమాస్తా ఓడెగార్డ్.

ఆర్విడ్ బూట్ల లేసులు కూడా కట్టుకోకుండా ట్రక్కెక్కాడు. ఆ కత్తి ఎవరిదో ఆయనకు బాగా తెలుసు. తనదే. మొన్న శనివారం వేటలో కొట్టిన జింక మాంసం కూరి సాసేజీ చేశాడు. పొద్దున కూతురి భోజనం సంచిలో మూరెడు ముక్క పెట్టి, నలుగురికీ పంచుతుంది కదా అని పక్కనే కత్తీ పెట్టాడు. భార్య ఉంటే ముక్కలు కోసే పెట్టేది.

ఆఫీసు గదిలో మార్గిట్ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ముక్కు ఎర్రబడింది. బల్ల మీద ప్లాస్టిక్ సంచిలో కత్తి. స్కూలు కాపలా పోలీసు డ్వేన్ ఎవరి మొహమూ చూడలేక కిటికీలోంచి మంచు చూస్తున్నాడు.

“దానికేం తెలీదు. పెట్టింది నేను. శిక్షేదో నాకే వెయ్యండి!”

“మీకు వెయ్యాలంటే మీరు ఈ స్కూల్లో ఉండాలి కదండీ,” అంది ఓడెగార్డ్. “రూలు ప్రకారం ఎవరి దగ్గర దొరికితే వాళ్లు పది రోజులు ఇటు రాకూడదు. ఇంటికి ఒంటరిగా పంపకూడదు.”

“పది రోజులా! వచ్చే గురువారం నాటకంలో టర్కీ కోడి వేషం దానిదేనమ్మా! నెల నుంచీ ఇంట్లో ఏ గిన్నె మూత తీసినా ఈకలే.”

ఆర్విడ్ కిటికీ వైపు తిరిగాడు.

“ఒరే డ్వేన్, జింకను కొయ్యడం నీకు నేర్పింది ఈ కత్తితోనే కదరా. నువ్వైనా చెప్పు!”

“అవును బాబాయ్. అందుకే అదెంత పదునో నాకు తెలుసు.”

“ఇంతకీ ఎవరు చెప్పారు?”

ఓడెగార్డ్ తలుపు వైపు చూపించింది. అద్దానికి ముక్కు ఆనించి ఒక రెండో తరగతి పిల్ల. భోజనాల గదిలో చూసి టీచరుకు చెప్పిందట. తప్పు చేశానేమోనని అప్పటినుంచీ అక్కడే నిలబడిందట.

ఆర్విడ్ గొంతు తగ్గించాడు. “ఈ ఒక్కసారికీ చూడలేదనుకో, ఓడెగార్డమ్మా. ఇన్నేళ్లలో అది ఒక్కరోజైనా ఆలస్యంగా వచ్చిందా?”

ఓడెగార్డ్ కలానికి మూత పెట్టేసింది. ఆమెకూ కావలసింది అదే.

“వద్దు నాన్నా,” అంది మార్గిట్. “నన్ను వదిలేస్తే ఆ పిల్ల ఇంకెప్పుడూ ఎవరికీ ఏమీ చెప్పదు.”

“మరి నీ టర్కీ?”

“ఆ ఈకలు డ్వేన్‌కి సరిపోతాయిలే.”

“నాకా!” అన్నాడు డ్వేన్, కిటికీ వదిలేసి.

ఓడెగార్డ్ నిట్టూర్చి సస్పెన్షన్ కాగితం ముందుకు జరిపింది. ‘ఇంటివారు’ అన్నచోట ఆర్విడ్ సంతకం పెట్టాడు.

మార్గిట్ కళ్లు తుడుచుకుని, దాని కింద ‘ప్రిన్సిపాల్’ అన్నచోట ఎప్పటిలాగే తన సంతకం పెట్టింది.