మూడో చరణంలో చప్పుడు

“ఈ చప్పుడు తీసేయాల్సిందే,” అన్నాడు రికార్డింగ్ కంపెనీ యజమాని, హెడ్‌ఫోన్లు బల్ల మీద పడేసి.

“తీస్తే పాట ఇవ్వను,” అంది గాయని. ఆమె గొంతు విన్నవాళ్ళంతా ఆమెను కంచు అనే పిలుస్తారు.

వాళ్ళిద్దరి మధ్యా సౌండ్ ఇంజనీరు ఇరుక్కుపోయాడు. లక్షణమైన స్టూడియో ఉండగా ఈవిడ ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుని, గిటారు వాయిస్తూ పాడి రికార్డు చేసుకొచ్చింది. డ్రమ్స్, మిగతా హంగులు తర్వాత చేర్చారు. ‘పోట్లాడకుండా వెళ్ళిపోకు’ అన్న పల్లవి వింటే రాయి కూడా కదులుతుంది. కానీ మూడో చరణంలో దబ్, దబ్, దబ్ అని గోడ మీద దెబ్బలు. తాళంతో పొంతనే లేదు. అక్కడితో గిటారు ఆగిపోయింది, గొంతు చీలి కేకయింది.

“కొట్టిందెవరండీ?” అడిగాడు ఇంజనీరు.

“మా నాన్న. చిన్నప్పుడు నేను గొంతెత్తితే చాలు, అవతలి గదిలోంచి పిడికిలితో గోడ బాదేవాడు. ఆపమని.”

“ఇంకో గదిలో పాడుకోవచ్చుగా?”

“ఆ గోడ దగ్గరే పాడతాను. రోజూ పాడతాను. ఎవరేమన్నా సరే.”

“పోనీ స్టూడియోలో ఇంకోసారి పాడు తల్లీ, శుభ్రంగా,” బతిమాలాడు యజమాని.

“ఆ కేక ఇంకోసారి రాదు సార్.”

యజమాని గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. నెల తిరగకుండా పాట అన్నిటికన్నా పైకెక్కి కూర్చుంది. వదిలేసి వెళ్ళిన ప్రియుడి మీద రాసిందని జనం తేల్చేశారు. కచేరీల్లో ఆ దెబ్బల చోటు రాగానే హాలంతా లేచి కాళ్ళతో నేల బాదేది.

ఇంజనీరుకు మాత్రం ఒళ్ళు మండుతూనే ఉంది. ఇంత గొంతును నొక్కేయాలని చూసిన తండ్రి ఒక తండ్రేనా? కంపెనీ వాళ్ళు జ్ఞాపిక చేయించగానే, తనే ఇచ్చొస్తానని బయల్దేరాడు. ముసలాయన్ని నాలుగు కడిగేస్తే గానీ అతని మనసు కుదుటపడేలా లేదు.

“మీ నాన్నగారితో ఓ మాట మాట్లాడాలి,” అన్నాడు గుమ్మంలోనే. “ఇంకా గోడ బాదుతూనే ఉన్నారా?”

“లేదు. నేను పెద్దయ్యాక బాదింది ఆ ఒక్కసారే.”

“మరి రోజూ ఆ గోడ దగ్గరే పాడతానన్నారు?”

“ఇప్పటికీ పాడుతున్నాను,” అంటూ కంచు లోపలి గది తలుపు తీసింది.

గోడవారన మంచం. దాని మీద ముసలాయన వెల్లకిలా పడుకుని కప్పు వైపు చూస్తున్నాడు. ఇంజనీరు నమస్కారం పెట్టినా కళ్ళు ఇటు తిప్పలేదు. కడిగేయాలని వచ్చిన ఇంజనీరు చేతిలోని జ్ఞాపికను కంచుకు అందించి, గుమ్మం వైపు జరిగాడు.

కంచు జ్ఞాపికను తండ్రి తల దగ్గర పెట్టింది. ఆయన కుడి పిడికిలిని తీసి, రెండు చేతుల మధ్యా గట్టిగా పట్టుకుంది.

“ఈ చెయ్యి ఇక లేవదని, ఆ పాట పాడకముందే తేల్చేశారు డాక్టర్లు.”